తాటాకు మొదలు టేపుచుట్ట వరకు

గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) కాలమున పటాన్‌చెరులో అధికారిగా నుండిన అమీన్‌ఖానునకు పొన్నెగంటి తెలగనార్యుడు తన ‘యయాతి చరిత్రము’ను అంకిత మొసగెను. అచ్చతెనుగు కావ్యములలో అదియే మొదటిదని పెద్దలందురు. నాటి పొట్లచెరువే నేటి పటాన్‌చెరు. అమీన్‌ఖాను సమాధి ఆ యూర ఇప్పటికిని కలదు. రాతితో కట్టినది నిలుచుట వింత కాదు. తాటాకుపై వ్రాసినది నిలుచుటయే వింత. ఎంత భద్రపరచినను తాటాకు కొన్ని వందల యేండ్లకు పెళుసెక్కి పొడియగును. అంతకు ముందే చెదయో, వానచినుకో, పొయ్యి సెగయో దాని పని పట్టుటయు కలదు. అట్లయ్యును తెలగనార్యుని కావ్యమును నేడు మనము చదువగలుగుచున్నామన్నచో, పేరైనను మిగుల్చుకొనని వ్రాయసకాండ్రు ప్రతికి ప్రతి ఎత్తుచు వచ్చుటయే కారణము.

ఆ వ్రాయసకాండ్రకు బంగారు రేకులు దొరకలేదు. ఊరిబయటి తాటిచెట్టు ఆకు, ఇనుప గంటము, దీపపు మసి: ఇంతమాత్రమే వారి సాధనసంపత్తి. ఈ విషయమును చదువరులు మనస్సున నుంచుకొందురు గాక. ఇప్పుడు చెప్పబోవునది కంప్యూటరు సంగతియే యైనను, దాని మూలమందును ఇట్టి చవుకసాధనమే కలదు.

రెండవ ప్రతి విలువ లెక్కలు వ్రాయువారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు. తెలంగాణమున 1954-55 నాటి ఖాస్రా పహాణీ నేటికిని భూమి తగాదాలలో మొదట అడుగబడు కాగితము. గ్రామమున నొక ప్రతి, తాసీలు కచేరీలో నొక ప్రతి యుండుట పాత పద్ధతి. 1946–51 మధ్య రైతాంగ పోరాట కాలమున అనేక గ్రామములలో దొరల పత్రములతోపాటు పట్వారీల దఫ్తరములును కాలినవి. అన్యాయముగ వ్రాసిన అప్పుపత్రములు కాలినందుకు ఎవరును విచారింపలేదు; కాని పేదరైతు పేరున్న కాగితమునకు వేరొక ప్రతి లేకున్నచో ఆ మంటలో అతని హక్కు సాక్ష్యమును పోవును. అగ్నికి పక్షపాతము లేదు గదా. అంతకు పూర్వము కోస్తా, రాయలసీమ ప్రాంతములలో కరణముల దండకవిలెలు ఇట్లే శిథిలమగుచుండగా, కర్నల్ మెకంజీ వాని సారమును కైఫీయతులుగా వ్రాయించెను. 1821లో మెకంజీ మరణించిన పిదప ఆ కైఫీయతులును చివుక నారంభించినవి. సి.పి. బ్రౌను వానిని మంచి కాగితముపై మరల ఎత్తివ్రాయించెను. చూడుడు: దండకవిలె కొక ప్రతి, ఆ ప్రతికి మరియొక ప్రతి. ప్రాచీన గ్రంథ పరిష్కర్తలు దీనిని ప్రత్యంతర మందురు. కంప్యూటరు వాడువారు ‘బ్యాకప్’ అందురు. మాట మారినది గాని పని మారలేదు.

ఇపుడు సంగారెడ్డి, పటాన్‌చెరు పరిసర గ్రామములలో కంప్యూటరు లేని వీధి అరుదు. లేతు యంత్రము పెట్టుకొన్న చిన్న కార్ఖానా యజమాని తన నమూనా చిత్రములను, జమాఖర్చులను దానిలోనే యుంచును. పెండ్లి వీడియోలు తీయు స్టూడియోవాడు పది పదునైదేండ్ల శుభకార్యములన్నియు దానిలోనే దాచును. తాత మరణించిన యింట ఆయన కంఠస్వరము ఆ పెట్టెలోనే మిగిలియుండవచ్చును. ఇన్నియు అరచేతి వెడల్పు హార్డుడిస్కుపై నుండును. అందలి పళ్లెములు నిమిషమునకు 5,400 లేక 7,200 సార్లు తిరుగును. వాని మీద చదువు ముల్లు, పళ్లెమును తాకీ తాకని యెడములో తేలియాడును. విద్యుత్తు ఎగుడుదిగుడైనను, బల్లపైనుండి పెట్టె క్రింద పడినను, ఒక్క క్షణమున సర్వమును పోవచ్చును. దీనికి తోడు 2017 మే నెలలో ‘వాన్నాక్రై’ యను దుష్టక్రమణిక ప్రపంచమంతట కంప్యూటర్లలోని దస్త్రములకు తాళమువేసి విడుదలకు ధనము కోరెను. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్నియు దాని వాతబడెను. కంప్యూటరునకు సదా తగిలించియుంచిన రెండవ డిస్కునకు కూడ ఇట్టి క్రమణిక తాళము వేయగలదు. యంత్రమునుండి ఊడదీసి అలమరలో పెట్టిన దానిని మాత్రము అది తాకజాలదు.

ఇక్కడనే టేపు ప్రసక్తి వచ్చును.

టేపు పుట్టుక కొంత వినోదకరము. 1898లో డెన్మార్కు దేశస్థుడు వాల్డెమార్ పౌల్సెన్ ఉక్కుతీగపై ధ్వనిని అయస్కాంత రూపమున ముద్రించెను. తీగ చిక్కుపడును, బరువును ఎక్కువ. జర్మనీలో ఫ్రిట్జ్ ఫ్లాయ్‌మర్ అనునతడు సిగరెట్టు కాగితముల కొసలకు లోహపు పూత వేయు విద్యలో ఆరితేరినవాడు. అదే విద్యతో కాగితపు పట్టీపై ఇనుప చూర్ణము పూసి 1928లో అయస్కాంత టేపును చేసెను. సిగరెట్టు అలంకారమునుండి మానవజాతి జ్ఞాపకశక్తికి దారి పడునని ఎవరనుకొందురు? 1935లో బెర్లిను ప్రదర్శనమున ‘మాగ్నెటోఫోన్’ కనబడెను. యుద్ధానంతరము ఆ విద్య అమెరికా చేరెను. 1951లో యూనివాక్ కంప్యూటరునకు లోహపు టేపును, 1952లో ఐ.బి.ఎం. వారి 726వ యంత్రమునకు ప్లాస్టిక్ టేపును అమర్చిరి. అర అంగుళము వెడల్పుగల ఆ ప్లాస్టిక్ టేపుపై అంగుళమునకు నూరు అక్షరములు పట్టెడివి. టేపు తటాలున కదలి తటాలున నిలుచునపుడు తెగకుండుటకై, గాలిని పీల్చు నిలువు గొట్టములలో దానిని వదులుగ వ్రేలాడదీసిరి. పాత సినిమాలలో కంప్యూటరు అనగా గిరగిర తిరుగు రెండు చక్రముల బీరువాను చూపుట ఈ యంత్రముల వలననే. తరువాతి కాలమున 2,400 అడుగుల చుట్ట యొకటి సుమారు 40 మెగాబైట్లు మోసెడిది. నేటి సెల్‌ఫోనుతో తీసిన ఛాయాచిత్రములు పది పండ్రెండు దానిలో పట్టును. అంతకు మించి పట్టవు.

హైదరాబాదునకును ఈ చరిత్రలో పాలు కలదు. 1967లో స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును నిర్మించెను. షాద్‌నగర్ వద్ద భూకేంద్రము ఉపగ్రహములు పంపు చిత్రములను అధికసాంద్రత గల టేపులపైకి దింపుకొనెడిది. ఆ చిత్రములను కోరినవారికి కంప్యూటరు చదువదగిన వేరు టేపులపై ఎక్కించి యిచ్చెడివారు. 1988 మార్చి 17న ఎగిరిన ఐ.ఆర్.ఎస్.-1ఎ ఉపగ్రహపు కనులతో మన చెరువులు, అడవులు మొట్టమొదట ఈ టేపులమీదనే నిలిచినవి.

ఇంటికి టేపు వచ్చినది మాత్రము పాటల క్యాసెట్టు రూపముననే. 1984లో కేంద్రప్రభుత్వము పాఠశాలలలో ప్రారంభించిన ‘క్లాస్’ పథకమునకు ఎన్నుకొన్న బి.బి.సి. మైక్రో కంప్యూటరు, సామాన్యమైన టేపురికార్డరునుండి క్రమణికలను చదువగలది. ఘంటసాల పాటలు వినిపించు యంత్రమే గీగీయని అరచుచు కంప్యూటరునకు పాఠము చెప్పెడిది. క్యాసెట్టు వీపున నుండు చిన్న ప్లాస్టిక్ బిళ్లను విరిచినచో దానిపై మరల ముద్రింపరాదు. విరిచిన తరువాత మనసు మారినవారు ఆ రంధ్రమున కాగితము కుక్కి పని గడుపుకొనెడివారు. ఈ బిళ్ల సంగతి జ్ఞాపకముండవలెను. నేటి టేపుపెట్టెకును అట్టి జరుపుడు బిళ్ల కలదు. దానిని జరిపినపుడు ఎట్టి క్రమణికయు ఆ టేపును చెరుపజాలదు.

2000వ సంవత్సరమున హెచ్.పి., ఐ.బి.ఎం., సీగేట్ సంస్థలు కలిసి ఎల్.టి.ఓ. అను టేపుపద్ధతిని బజారున నిలిపెను. మొదటి తరము టేపు 100 గిగాబైట్లు మోసెను. 2007లో వచ్చిన నాలుగవ తరము 800, 2010లో వచ్చిన అయిదవ తరము 1,500 గిగాబైట్లు. 2021 నాటి తొమ్మిదవ తరమునకు 18 టెరాబైట్లు, అనగా 18,000 గిగాబైట్లు. కొత్త తరపు యంత్రము ధర లక్షలలో నుండును. గృహస్థునకు అది అందని ద్రాక్ష. కాని బ్యాంకులు, పెద్ద సంస్థలు కొత్తతరమునకు మారినపుడెల్ల పాత యంత్రములు తుక్కువర్తకుల చేతికి వచ్చును. సికింద్రాబాదు పార్కులేను వంటి పాత కంప్యూటరు సామగ్రి అంగళ్లలో వెదకువారికి అట్టి సరకు తటస్థించుటయు కలదు. అప్పుడు దాని ధర మొదటి వెలలో అత్యల్పభాగమే. ఒకనాడు పెద్ద బ్యాంకు లెక్కలు మోసిన యంత్రము, పల్లెటూరి స్టూడియోవాని పెండ్లి వీడియోలు మోయుటకు తక్కువ యోగ్యమైనదా?

దాని పనితీరు చూడదగినది. అరచేతిలో నిముడు ఆ పెట్టెలో నాలుగవ తరపు టేపు 820 మీటర్ల పొడవు చుట్టియుండును. టేపు ఒక కొసనుండి మరొక కొసకు పోవునపుడు పదునారు గీతలపై ఏకకాలమున వ్రాత సాగును. కొస ముట్టగనే వెనుకకు తిరుగుచు ప్రక్కగీతలపై వ్రాయును. పొలము దున్ను రైతు చాలు ముగించి మళ్లినట్లే. ఇట్లు 56 సార్లు కొసనుండి కొసకు సాగినగాని టేపు నిండదు. 820ని 56తో హెచ్చవేసినచో సుమారు 46 కిలోమీటర్లు: సంగారెడ్డిలో బయలుదేరిన వాడు పటాన్‌చెరు దాటి హైదరాబాదు నగరములోనికి ప్రవేశించునంత దూరము. కంప్యూటరు తగిన వేగమున అందించినచో ఇదంతయు రెండు గంటలలోపున ముగియును. అందింపలేనిచో టేపు ఆగి, వెనుకకు పోయి, మరల ముందుకు సాగును. బూటునకు పాలిషు పెట్టువాని చేతివలె నుండు ఈ ఊపునకు టేపును, చదువు ముల్లును అరుగును. పాత కంప్యూటరునకు టేపుయంత్రము తగిలించువారు మొదట ఎదుర్కొను చిక్కు ఇదియే. దస్త్రములను ముందుగా ఒక వేగవంతమైన డిస్కుపై కూర్చి, అక్కడినుండి టేపునకు పంపుట దీనికి ఉపాయము. యంత్రమును కంప్యూటరుతో కలుపుటకు ‘శాస్’ అను వేరు కార్డు కావలయును, సామాన్యమైన యు.ఎస్.బి. తీగ చాలదు. ఈ సంగతి తెలియక యంత్రమును మాత్రమే కొని తెచ్చుకొన్నవారు రెండవసారి బజారునకు పోవుదురు.

నాలుగవ, అయిదవ తరములలో ఏది మేలు? అయిదవదే మేలని చెప్పవచ్చును. ఆ తరముతో 2010లో వచ్చిన ఎల్.టి.ఎఫ్.ఎస్. పద్ధతి వలన టేపులోని దస్త్రములు కంప్యూటరు తెరపై అరలు అరలుగా కనబడును. అంతకు పూర్వము యూనిక్సు వారి ‘టార్’ అను క్రమణికయే ఆధారము. ‘టార్’ అనగా టేపు భాండాగారమని అర్థము. 1979 నాటి ఆ క్రమణిక నేటికిని సజీవమై యుండుట టేపు వాడువారి అదృష్టము. ఎవరో యొక సంస్థవారి రహస్యపద్ధతిలో వ్రాసిన టేపు, ఆ సంస్థ మూతబడిననాడు మూగపోవును.

ఒక మాట నిష్పాక్షికముగ చెప్పవలెను. ఇంట నాలుగైదువందల గిగాబైట్లకు మించని సరకున్న కుటుంబమునకు టేపు అనవసరము. రెండు విడి డిస్కులు కొని, ఒకటి ఇంటను, ఒకటి మేనమామ ఇంటను ఉంచుకొన్నచో చాలును. ఏటేట టెరాబైట్లు పెరుగు స్టూడియోలకు, ముద్రణాలయములకు, పాతగ్రంథములను ఫొటోలు తీసి దాచు గ్రంథాలయములకే టేపు కలిసివచ్చును. ఏలయన యంత్రమొక్కటి కొన్న పిమ్మట టేపులు చవుక, తగురీతిని కాపాడినచో ముప్పది యేండ్ల వరకు చెడవని వాని తయారీదారులు చెప్పుదురు. తగిన రీతి అనగా పదునారు మొదలు ఇరువదియైదు డిగ్రీల చల్లదనము, తక్కువ తేమ. మెదకు సీమ వేసవిలో రేకుల గదిలో టేపు పెట్టువాడు ఆ ముప్పదియేండ్లను మరువవలెను. కార్ఖానాల దుమ్ము సరేసరి.

టేపు పాతవారి మూఢవిశ్వాసమని నవ్వువారు కలరు. 2011 ఫిబ్రవరిలో గూగుల్ వారి జిమెయిలునందు ఒక దోషము వలన కొందరి ఉత్తరములు మాయమయ్యెను. వేర్వేరు నగరములలోని ప్రతులన్నిటను ఆ దోషమే ప్రాకినందున, చివరకు టేపులనుండి ఆ ఉత్తరములను తిరిగి తీసిరి. దీనికి విపర్యయముగ 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరమున ప్రభుత్వ కంప్యూటరు కేంద్రము తగులబడెను. ఉద్యోగులు వాడుకొను 858 టెరాబైట్ల భాండారము ఇంకొకచోట ప్రతిలేనందున నశించెను. ప్రతి యెత్తుటకు అది మిక్కిలి పెద్దదని వారి సమాధానము. లెక్క వేసి చూచినచో 858 టెరాబైట్లకు తొమ్మిదవ తరపు టేపులు నలుబదియెనిమిది చాలును. ఒక అలమరలో ఒక అర.

అయితే టేపు నిలిచియు చదువు యంత్రము నిలువకపోవుట కలదు. పాతటేపులు కొనువారికి అసలైన గండమిదియే. 1966–67లలో అమెరికావారు చంద్రుని చుట్టును ‘లూనార్ ఆర్బిటర్’ అను నౌకలను అయిదింటిని పంపి, మనుష్యుడు దిగదగిన చోట్లను చిత్రించిరి. ఆ చిత్రములు ఆంపెక్స్ వారి ఎఫ్.ఆర్.-900 యంత్రములతో సుమారు 1,500 టేపులపై ఎక్కెను. కాలక్రమమున ఆ యంత్రములు వాడుకనుండి తొలగినవి. టేపులు మిగిలినవి, చదువు సాధనము లేదు. వానిని భద్రపరచు పనిలోనుండిన నాన్సీ ఎవాన్స్ అను ఉద్యోగిని, పారవేయబోవుచున్న యంత్రములను నాలుగింటిని తన యింటికి చేర్చి, బీరువాలంత పరిమాణముగల వానిని తన కారుకొట్టములో ఏండ్ల తరబడి కాపాడెను. ఇల్లాలి కొట్టములో చంద్రమండలము! 2007 తరువాత డెన్నిస్ వింగో, కీత్ కౌయింగ్ మున్నగువారు వానిని బాగుచేయబూని, మూతబడిన ఫలహారశాల భవనమున పని సాగించి, ఒకదాని అవయవములు మరొకదానికి తగిలించుచు, 2008లో మొదటి చిత్రమును వెలికి తీసిరి. చంద్రుని అంచున భూమి ఉదయించు 1966 నాటి ఆ చిత్రము, పూర్వము ప్రజలు చూచిన ప్రతికంటె ఎంతయో తేటగా వచ్చెను. ఇదే దేశమున 1969లో మానవుడు చంద్రునిపై అడుగిడిన నాటి మూల టేపులు చెరిపి మరల వాడబడినవని 2009లో ఆ సంస్థయే ఒప్పుకొన్నది. ఒక ఉద్యోగిని కొట్టములో దాచినంత శ్రద్ధ ఆ టేపులకు దొరకలేదు.

ఎల్.టి.ఓ. వారు ఈ గండమునకు కొంత అడ్డుకట్ట వేసిరి. ఏడవ తరము వరకు ప్రతి యంత్రమును తన వెనుకటి రెండు తరముల టేపులను చదువును. అయిదవ తరపు యంత్రము మూడవ తరపు టేపును చదువును, నాలుగవదానిపై వ్రాయును. ఎనిమిదవ తరమునుండి ఈ ఔదార్యము తగ్గి ఒక్క తరమునకే పరిమితమయ్యెను. 2025లో వచ్చిన పదవ తరము 30 టెరాబైట్లు మోయుచు, వెనుకటి టేపు నొక్కదానినైనను చదువదు. కావున చవుకగా పాతయంత్రము కొన్నవాడు వీలైనచో రెండవ యంత్రమును కొని మూలనుంచుట మంచిది. పదియేండ్ల కొకమారు టేపులలోని సరకును ఎత్తి వేరొకదానిపై వ్రాయుట తప్పదు. తాటాకును ఎత్తివ్రాసినట్లే.

ప్రతిని ఎక్కడ నుంచవలెనను ప్రశ్నకు పటాన్‌చెరులోనే సమాధానము కలదు. 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ విత్తన భాండాగారమున జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుసెనగ, చిరుధాన్యముల రకములు లక్షకు పైబడి కలవు. వానిలో అధికభాగమునకు రెండవ ప్రతి నార్వే దేశపు స్వాల్‌బార్డు దీవిలో, 2008లో తెరచిన మంచుకొండ గుహలో నున్నది. మన చేని కంది ధ్రువప్రాంతమున నిద్రించుట విలాసము కాదు. సిరియాలోని అలెప్పో వద్ద ఇటువంటిదే యగు ఇకార్డా సంస్థ యుద్ధములో చిక్కుకొని తన భాండాగారమునకు దూరమైనపుడు, 2015లో ఆ గుహనుండి తన విత్తనములను మొదటిమారు వెనుకకు తీసికొనెను. లెబనానులోను మొరాకోలోను వానిని విత్తి, పండించి, 2017లో కొంత భాగమును గుహకు తిరిగి పంపెను. విత్తనమైనను అంతే: తీసి, మొలకెత్తించి, మరల దాచినగాని ప్రతి సజీవము కాదు.

టేపులను కూడ ఏడాది కొకమారు యంత్రమున పెట్టి, ఒకటి రెండు దస్త్రములు తెరచి చూచుట అవసరము. ఎక్కించినది ఎక్కినదని నమ్మి, పదియేండ్లు ముట్టక, అక్కర పడిననాడు తెరచి ఏమియు లేదని తెలిసికొన్నవారి కథలు ఈ రంగమున కొల్లలు.

ఇంక మిగిలినది పైన అంటించు చీటి. పూర్వపు వ్రాయసకాండ్రు గ్రంథము ముగియగనే సంవత్సరనామము, మాసము, తిథి, తమ పేరు, ఎవరి ప్రతి చూచి వ్రాసిరో ఆ వివరము చేర్చెడివారు. తడినుండి, నూనెనుండి, సడలిన కట్టునుండి గ్రంథమును కాపాడుమని చదువరిని వేడుకొనెడివారు. టేపుపెట్టె వీపునను ఇంతియే కావలెను: ఏ తరపు టేపు, ఏ క్రమణికతో వ్రాసినది, ఏ తేదీన, లోపల నేమున్నది, చివర తెరచి చూచినది ఎన్నడు, జోడుటేపు ఏ ఊర ఎవరి యింట నున్నది. సిరాతో వ్రాసినచో మంచిది. వేసవి చెమటకు చెరిగిపోని సిరాతో.